గుమ్మంలో ఆగిన మెయిల్

ఉదయం తొమ్మిదిన్నరకు గడియారాల మెకానిక్ షాపు షట్టర్ సగం ఎత్తి, రాత్రి వచ్చిన మెయిల్ మరోసారి చదువుకున్నాడు. "గోడ గడియారం తెచ్చేవాణ్ణి లోపలికి రానివ్వు" అని ఉంది. పంపింది అతను రహస్యంగా పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంటు పెద్దాయన. పేరూ ఆయనదే, అడ్రసూ ఆయనదే. చెప్పినట్టే ఒకడు గోడ గడియారం చంకలో పెట్టుకుని వచ్చాడు. మెకానిక్ నవ్వుతూ లోపలికి పిలిచాడు. గడియారం వెనకనుంచి రెండు బుల్లెట్లు వచ్చాయి. ఒకటి గొంతులో దిగింది, రెండోది కంట్లో. షాపులో నలభై గడియారాలు తలో టైమూ చూపిస్తూ ఏమీ ఎరగనట్టు కొట్టుకుంటూనే ఉన్నాయి.

అరగంటలో ఏజెంట్ తపాలా అక్కడికి చేరుకున్నాడు. డిపార్ట్‌మెంటులో కంప్యూటర్ల ఉత్తరప్రత్యుత్తరాలన్నీ చూసేది అతనే కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు జీతాల విభాగం కూడా మరిచిపోయింది. శవం పక్కన పెద్దాయన స్టూలు మీద కూర్చుని కడుపులో మంటకు మాత్ర నములుతున్నాడు.

"నెలలో ఇది మూడోది. ముగ్గురికీ నేనే మెయిల్ పంపాను. అంటే, నేను పంపలేదు," అన్నాడు పెద్దాయన.

"దర్జీలేనా సార్?"

"ఇంకెవరు."

దర్జీలంటే బట్టలు కుట్టేవాళ్ళు కారు. సరిహద్దు అవతలి ముఠా. ముందు మనిషి కొలతలు తీసుకుని, తీరిగ్గా కత్తిరిస్తారని ఆ పేరు.

"మన మెయిళ్ళు ఎక్కడో అద్దెకు తీసుకున్న పెట్టెల్లో ఉన్నాయి సార్. ఇంటి గుట్టు పక్కింటి గూట్లో దాచుకుని, బయటికెలా పొక్కిందని ఏడిస్తే ఏం లాభం?"

"అందుకే నిన్ను పిలిచాను. మన సర్వర్ మనమే పెట్టుకుందాం. మన గదిలో, మన తాళంతో. పది రోజుల్లో అయిపోవాలి. వచ్చే శుక్రవారం దాన్నుంచి ఒకే ఒక్క మెయిల్ వెళ్తుంది."

"ఎవరికి?"

పెద్దాయన మాత్ర మింగేశాడు. "దర్జీల ఆఫీసులో మన మనిషి ఇంకొక్కరే మిగిలారు. ఎవరో నీకు తెలుసు."

తెలుసు. తపాలాకు సొంత అక్క. రెండేళ్ళుగా ఆ ఆఫీసులో దుబాసీగా పనిచేస్తోంది. తమ్ముడికి అక్షరాలు దిద్దించింది ఆవిడే, పదేళ్ళ తర్వాత లినక్స్ నేర్పించిందీ ఆవిడే. రెంటికీ ఒకే పద్ధతి, తప్పు చేస్తే నెత్తిన మొట్టికాయ. తమలో గూఢచారి ఉన్నట్టు దర్జీలకు తెలిసిపోయింది. ఎవరో మాత్రం తెలియదు. తెలిసే లోపల ఆవిణ్ణి బయటికి లాగకపోతే నాలుగో శవం ఆవిడదే.

సర్వర్ పెట్టడానికి ఎన్నుకున్న చోటు ఒక పళ్ళ ఆసుపత్రి. డాక్టరమ్మ డిపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్ళ పాత కాపు. ఆవిడ ఎక్స్‌రే గదికి సీసపు రేకు తాపడం చేసిన తలుపు ఉంది, అందులోంచి చీమ చిటుక్కుమన్నా బయటికి పోదు. కంప్రెసర్ హోరులో మెషీన్ ఫ్యాన్ చప్పుడు ఎవరికీ వినబడదు. తపాలా తెల్లకోటు, మూతికి మాస్కు వేసుకుని కాంపౌండర్ అవతారమెత్తాడు. మొదటిరోజే ఇద్దరు పేషెంట్లు అతని చేత పళ్ళు చూపించుకున్నారు. వద్దంటే వినలేదు.

అతనికి సాయంగా నెట్‌వర్క్ విభాగం నుంచి నెమలి వచ్చింది. ఎప్పుడూ నెమలికంఠం రంగు కోటే వేసుకుంటుంది. ఆవిడ నడిచొస్తుంటే దారిన పోయేవాడు ఏదో ఒక స్తంభానికి గుద్దుకోవలసిందే. వచ్చినప్పుడల్లా పేషెంటులా బుగ్గ పట్టుకుని కోడ్ చెప్పాలి.

"వెనక పన్ను సలుపుతోంది."

"పైదా, కిందిదా?"

"అది తెలిస్తే నేనే పీక్కునేదాన్ని."

లైను తెచ్చింది నెమలే. ఎప్పటికీ మారని స్టాటిక్ ఐపీ అడ్రసు, ఆ అడ్రసు ఎవరిదో చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్ అన్నీ రెండు రోజుల్లో చక్కబెట్టింది. పనిలో వంక పెట్టడానికి లేదు.

తపాలా ముందు ఇల్లు కట్టి, తర్వాత తలుపులు మూశాడు. లినక్స్ ఎక్కించాడు. మెయిళ్ళు మోయడానికి పోస్ట్‌ఫిక్స్‌నూ, వచ్చినవాటిని భద్రంగా దాచడానికి డవ్‌కాట్‌నూ దింపాడు. ఫైర్‌వాల్ పెట్టి, అరవై అయిదు వేల చిల్లర పోర్టుల్లో నాలుగంటే నాలుగే తెరిచి ఉంచాడు. సర్వాధికారాలుండే రూట్ లాగిన్ బందు. పాస్‌వర్డ్‌తో లాగిన్ అసలే బందు, కీ ఫైలు చేతిలో ఉన్నవాడికే ప్రవేశం. మూడుసార్లు తప్పుగా తోసినవాడి ఐపీ అడ్రసును ఫెయిల్‌టూబ్యాన్ మెడపట్టి గెంటేస్తుంది. ఎవడి ఉత్తరం పడితే వాడి ఉత్తరం మోసిపెట్టే సర్వర్ ఊరుమ్మడి గాడిద అవుతుందని అక్క చెప్పేది. అందుకని రిలేకి కూడా గొళ్ళెం పెట్టాడు. చివరగా, బయటికి వెళ్ళే ప్రతి మెయిల్ మీదా, అది ఈ సర్వర్‌దేనని రుజువు చేసే డీకిమ్ సంతకం పడే ఏర్పాటు చేశాడు. ఆ సంతకం లేని మెయిల్‌ను అక్క నమ్మదు.

సర్వర్ ఆన్ చేసిన గంటలో లాగ్‌లో నాలుగు వందల తప్పుడు లాగిన్లు కనబడ్డాయి. డాక్టరమ్మ భుజం మీదుగా తొంగి చూసి, "ఎవర్రా వీళ్ళంతా? అప్పుడే తెలిసిపోయామా?" అంది.

"మనకోసం కాదమ్మా. తలుపు కనబడితే తోసి చూసే జాతి. రోజూ ఉంటారు."

"మరి ఆ కీ ఎక్కడ దాస్తావు? జేబులోనా?"

జేబులో కాదు. మర్నాడు డాక్టరమ్మ అతని కుడి దవడ చివరి పన్ను మీద బోలు తొడుగు ఒకటి బిగించింది. బియ్యపుగింజంత చిప్ అందులో కూర్చుంది. "నోరు మూసుకుని ఉంటే చాలు, రహస్యం దానంతటదే దాగుతుంది," అంది ఆవిడ. నెమలి కూడా తనకో కీ ఇవ్వమంది. నీకేమైనా అయితే ఎలా అని అడిగింది. తపాలా ఒక తాళానికి ఒకటే చెవి అన్నాడు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వును అతను నవ్వే అనుకున్నాడు.

గురువారం పెద్దాయనకు టెస్ట్ మెయిల్ వెళ్ళింది, డాక్టరమ్మకు వెళ్ళింది, ఇంకో ఆరుగురికి వెళ్ళింది. అన్నీ క్షణంలో చేరాయి. "అసలు మనిషికి కూడా ఒకటి పంపి చూడరాదూ?" అంది డాక్టరమ్మ. పెద్దాయన ఫోన్‌లోనే గుడ్లురిమాడు. "గుడ్లగూబకు ఒకటే మెయిల్. అంతకుముందు హలో కూడా వద్దు. ఆ మనిషి ఫోన్ పొరపాటున ఎవరి కంటబడ్డా ప్రాణం పోతుంది." గుడ్లగూబ అంటే అక్క మెయిల్ అడ్రసు. సర్వర్‌లో రాసుకున్న అడ్రసుల్లో అసలు పేరు లేనిది అదొక్కటే. గూఢచారులకు జాగ్రత్త ఎక్కువ. తపాలా సరేనన్నాడు.

పథకం ఇదీ. శుక్రవారం పదకొండింటికి అక్క ఒక రహస్య సమావేశంలో దుబాసీగా కూర్చోవాలి. గుమ్మం దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారు. ఆ లోపలే బయటపడాలి. ఆఫీసుకు మూడు ద్వారాలు. ఎక్కడ కాపలా లేదో లాండ్రీ వ్యాన్ డ్రైవర్ పది యాభైకి చూసి, తపాలా చేతి గడియారానికి సిగ్నల్ పంపుతాడు. గడియారం అడుగున ఉన్న సూదిమొన మణికట్టుకు గుచ్చుతుంది, ఒకసారైతే వెనక గేటు, రెండుసార్లైతే పక్క తలుపు, మూడుసార్లైతే ముందు గుమ్మం. పది యాభై అయిదుకు మెయిల్ వెళ్ళాలి.

శుక్రవారం పదీ పదికి నెమలి వచ్చింది. వెంట పొడుగాటి మనిషి ఒకడు, మెడకు మఫ్లర్.

"వెనక పన్ను సలుపుతోంది," అంది నెమలి.

"పైదా, కిందిదా?" అంటూ డాక్టరమ్మ తల ఎత్తింది.

పొడుగాటివాడు మఫ్లర్ విప్పి అందులోంచి కాల్చాడు. టప్‌మని చిన్న చప్పుడు. డాక్టరమ్మ కుర్చీలోనే ముందుకు ఒరిగిపోయింది, నుదుటి మీద చిల్లు, చేతిలో పెన్ను అలాగే ఉంది. తపాలా ముందుకు దూకాడు. పిస్తోలు మడమ కణతకు తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి పళ్ళ కుర్చీలో ఉన్నాడు. రెండు చేతులూ ప్లాస్టిక్ టైలతో కుర్చీకి కట్టేసి ఉన్నాయి. నోరు మూతపడనివ్వని ఇనుప దంతధారిణి దవడలు చీల్చుకుని కూర్చుంది. నెత్తిన దీపం కళ్ళలోకి కొడుతోంది.

"వీడి పేరు కత్తెర. దర్జీల్లో మంచి పనివాడు," అంది నెమలి. "కుడి కింద చివరిది. కానీయ్."

కత్తెరకు మత్తుమందు సంగతి ఎవరూ చెప్పలేదు. పట్టకారు పన్నును పట్టుకుని ఇటూ అటూ ఊపింది. మూడోసారికి దవడలో ఏదో ఫెళ్ళుమంది. తపాలా కేక గొంతులో రక్తంలో పడి గుడగుడలాడింది. పన్ను, తొడుగు, తొడుగులోని చిప్, మూడూ నెమలి అరచేతిలోకి వెళ్ళాయి. ఆవిడ చేతిరుమాలుతో తుడుచుకుని ఎక్స్‌రే గదిలోకి నడిచింది. కీ తెరిచే రహస్యవాక్యం ఆవిడకు ముందే తెలుసు. పదిరోజులుగా పక్కన నిలబడి అతని వేళ్ళనే చూసింది మరి.

అక్కడి నుంచే గొంతు పెంచి చదివి వినిపించింది. "గుడ్లగూబకు. పదకొండింటికి వెనక గేటు. నీకోసం మనిషి ఉంటాడు. కింద సంతకం మీ సర్వర్‌దే. పది ముప్పై అయిదు. పంపేశాను."

తపాలాకు విషయం అర్థమైంది. ఆ మెయిల్ అబద్ధమని చెప్పే పరీక్ష ప్రపంచంలో లేదు. పుట్టింది అసలు సర్వర్‌లో, సంతకం అసలు సంతకం. వెనక గేటుకు ఎవరు వస్తే వాళ్ళే గూఢచారి. దర్జీలు అక్కడే కాల్చేస్తారు. తన అక్కను చంపే ఉత్తరం తను కట్టిన ఇంట్లోంచే వెళ్ళింది. పన్ను నొప్పి అతనికి గుర్తే లేదు.

కత్తెర దంతధారిణి ఊడదీశాడు. "ఎలాగూ అరగంటలో తెలిసేదే. ముందే పేరు చెబితే వేళ్ళు మిగులుతాయి."

"మీ అమ్మే," అన్నాడు తపాలా.

కత్తెర అతని కుడిచేతి టై కోసి, చేతిని పరికరాల ట్రే మీద పరిచి పట్టుకున్నాడు. చిటికెన వేలు వెనక్కి విరిచాడు. కాసేపు ఆగి, ఉంగరపు వేలు. కుర్చీ, దీపం, గోడ మీది పళ్ళ బొమ్మ అన్నీ గిర్రున తిరిగాయి. అప్పుడు ఎడమ మణికట్టు మీద సూదిమొన గుచ్చింది. ఒకటి. రెండు. మూడు.

ముందు గుమ్మం. అంటే టైము పది యాభై. తపాలా ఏడుపు గొంతుతో, "చెప్తాను, చెవి ఇటు పెట్టు," అన్నాడు. కత్తెర వంగాడు. ట్రేలో పళ్ళ సందుల్లో గుచ్చి చూసే వంకీ సూది ఉంది. తపాలా మిగిలిన మూడు వేళ్ళతో దాన్ని అందుకుని కత్తెర గొంతులో మొదలంటా దించి, పక్కకు లాగాడు. వెచ్చటి రక్తం ముఖమంతా చిమ్మింది. వాడు గొంతు పట్టుకుని అతని మీదే కూలబడ్డాడు. తపాలా వాడి చేతిలోని కత్తితోనే రెండో టై కోసుకున్నాడు.

చప్పుడుకు నెమలి గుమ్మంలోకి వచ్చి కాల్చింది. మొదటి బుల్లెట్ కత్తెర వీపులో దిగింది, రెండోది కూడా. తపాలా శవాన్ని అడ్డం పెట్టుకునే లేచి, కాలితో ట్రే బండిని ఒక్క తోపు తోశాడు. అది ఆవిడ మోకాళ్ళను కొట్టింది. పిస్తోలు ఎగిరి డాక్టరమ్మ కాళ్ళ దగ్గర పడింది. నెమలి పడుతూనే బూటుకాలితో అతని పన్ను ఊడిన దవడ మీద తన్నింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మినా అతను వదల్లేదు. ఆవిడ జుట్టు పట్టుకుని తలను తలుపు సీసపు రేకుకు రెండుసార్లు కొట్టాడు. ఎక్స్‌రే తీసేటప్పుడు వేసే బరువు ఏప్రన్ ఆవిడ మీద పడేసి, ఆ తాళ్ళతోనే చేతులు వెనక్కి విరిచి, కాళ్ళు దగ్గరికి చేర్చి కట్టేశాడు.

నెమలి నెత్తుటి పెదాలతో నవ్వింది. "ఎందుకీ కష్టం? మెయిల్ వెళ్ళి పావుగంట దాటింది. బౌన్స్ అయి వెనక్కి కూడా రాలేదు."

తపాలా స్క్రీన్ ముందు కూలబడ్డాడు. చిప్ మెషీన్లోనే ఉంది, ఆవిడ తెరిచిన సెషన్ తెరిచినట్టే ఉంది. టైము పది యాభై రెండు. అలవాటుకొద్దీ లాగ్ తీశాడు. ఏమీ ఆశించి కాదు, చావు కబురైనా కళ్ళతో చదవాలనే.

పది ముప్పై అయిదు. డిఫర్డ్, అంటే వాయిదా. కారణం, "కొత్త ముఖం. తొమ్మిది వందల సెకన్లాగి రా."

మరోసారి చదివాడు. అక్క మెయిళ్ళు ఏ కంపెనీ దగ్గరా ఉండవు. ఆవిడ అద్దె గదిలో, చెప్పుల స్టాండు వెనక, ఆవిడే పెట్టుకున్న పాత లాప్‌టాప్ సర్వర్ ఉంది. దానికి గ్రేలిస్టింగ్ అనే కాపలా పెట్టింది. ఇదివరకు ఎరగని సర్వర్ ఎవరు తలుపు తట్టినా లోపలికి రానివ్వదు, పొమ్మనదు, పావుగంటాగి రమ్మంటుంది. దొంగ మెయిళ్ళు పంపేవాడికి ఓపిక ఉండదు, మళ్ళీ రాడు. నికార్సైన సర్వర్ మళ్ళీ వస్తుంది. ఈ సంగతి తమ్ముడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పే అలవాటు ఆవిడకు లేదు.

పది నలభైకి తపాలా సర్వర్ మళ్ళీ తట్టింది. ఆగమన్నారు. పది నలభై అయిదుకు మళ్ళీ తట్టింది. ఆగమన్నారు. బౌన్స్ రాకపోతే చేరినట్టేనని నెమలి అనుకుంది. కానీ మెయిల్ ఎక్కడికీ పోలేదు, ఈ గదిలోనే క్యూలో కూర్చుని ఉంది. మళ్ళీ తట్టేది పది యాభై అయిదుకు. గడువు పదిహేను నిమిషాలు ఎప్పుడో దాటింది కాబట్టి ఈసారి తలుపు తెరుస్తారు.

"ఏమైంది?" అంది నెమలి. అతని వీపు చూసి ఆవిడకు అనుమానం వచ్చింది.

తపాలా ఎడమచేత్తో టైపు చేస్తున్నాడు. మెయిల్‌క్యూ. తెర మీద ఒకే ఒక్క మెయిల్, దాని ముందు పదక్షరాల నంబరు. దాన్ని చెరపాలంటే ఆ నంబరు తప్పులేకుండా కొట్టాలి. కణత మీది రక్తం కంట్లోకి కారుతోంది. మొదటిసారి సున్నా బదులు ఓ కొట్టాడు. అలాంటి మెయిల్ లేదంది మెషీన్. పది యాభై నాలుగు. కన్ను తుడుచుకుని మళ్ళీ కొట్టాడు. నెమలి పాక్కుంటూ వచ్చి కట్టేసిన కాళ్ళతోనే కుర్చీని తన్నింది. విరిగిన వేళ్ళు బల్లకు తగిలి అతను జంతువులా అరిచాడు. అరుస్తూనే ఎంటర్ నొక్కాడు.

డిలీటెడ్. ఒక మెసేజ్. పది యాభై నాలుగు, నలభై ఆరు సెకన్లు.

ఇక అసలు మెయిల్. అప్పుడతనికి మరో సంగతి తట్టింది. అక్క తలుపు ఇప్పుడు ఈ మెయిల్‌ను కూడా పావుగంట ఆగమంటే? పదకొండింటికి ఫోన్ లాగేసుకుంటారు. వేరే దారి లేదు. "ముందు గుమ్మం, లాండ్రీ వ్యాన్, ఇప్పుడే" అని కొట్టి పంపాడు. లాగ్ వైపే చూశాడు. అక్కా, తియ్యవే, తియ్యి, అని పైకే అన్నాడు.

సెంట్. రెండు వందల యాభై, ఓకే.

ఒక్క క్షణం కూడా ఆపలేదు. ఎందుకో అర్థమై అతను గోడకు జారగిలబడి, నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఊగిపోయాడు. గ్రేలిస్టింగ్ ఉత్తరంలో ఏముందో చూడదు. తెచ్చిన సర్వర్ ఎవరు, పంపినదెవరు, ఎవరికి అనే మూడే గుర్తుపెట్టుకుంటుంది. ఆ మూడింటితో పది ముప్పై అయిదుకే ఎవరో తలుపు తట్టి, పావుగంట గుమ్మంలో నిలబడి, నమ్మకం సంపాదించి పెట్టారు. తను పథకం ప్రకారం పది యాభై అయిదుకు మొదటిసారి తట్టి ఉంటే, పదకొండూ పదికి రమ్మనేది ఆ తలుపు. అప్పటికి అక్క లోపల, ఫోన్ బయట.

"నవ్వుతావేం?" అంది నెమలి.

"మీకు థ్యాంక్స్ చెప్పాలి," అన్నాడతను. ఎందుకో చెప్పలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టి, తన తెల్లకోటు విప్పి ఆవిడ మీద కప్పాడు. ఆవిడ చెప్పినట్టు ఒక్క టెస్ట్ మెయిల్ పంపి ఉంటే, ఆ దొంగ మెయిల్ కూడా ఆగకుండా చేరేది. ఈసారి ఏడుపే వచ్చింది.

వ్యాన్ డ్రైవర్ నుంచి పదకొండూ రెండుకు గడియారం పొడుగ్గా ఒకసారి గుచ్చింది. మనిషి ఎక్కిందని అర్థం. వెనక గేటు దగ్గర నలుగురు దర్జీలు పన్నెండు దాకా తుపాకులు పట్టుకుని ఎదురుచూశారు. పెద్దాయన మనుషులు వెళ్ళి వాళ్ళను అక్కడే కాల్చి పడగొట్టారు.

సాయంత్రం నాలుగింటికి ఒక గోడౌన్ గదిలో అక్క వచ్చి తమ్ముడి ముందు కూర్చుంది. అతని ముఖం ఒక వైపు బూరెలా వాచిపోయింది, రెండు వేళ్ళకు కట్టు. ఆవిడ ఆ కట్టును మెల్లగా ఒళ్ళోకి తీసుకుని, చాలాసేపు నిమిరింది. కళ్ళనీళ్ళు కట్టు మీద పడ్డాయి. తర్వాత ముక్కు చీదుకుని, ఫోన్‌లో తన సర్వర్ లాగ్ తెరిచింది. చదువుతున్నకొద్దీ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఏరా, పది ముప్పై అయిదు దాకా నీ సర్వర్ నా గుమ్మం తొక్కలేదు. ఒక్క టెస్ట్ మెయిల్ కూడా పంపకుండా సర్వర్ ఎక్కించడం ఎవరు నేర్పారు నీకు? నేనైతే నేర్పలేదు."

తపాలా వాచిన దవడ కదిపి, మాటలు కూడదీసుకున్నాడు.

"టెస్టింగ్ చేయించానక్కా. అదొక్కటీ బయట దర్జీలకిచ్చాను."